ఫ్లోరైడ్ నీళ్ల మీద ప్రాజెక్టుకు ఏ మెంబ్రేన్ తీసుకోవాలి? నానోరంధ్రాల పొరల పోలిక

నల్లగొండ, పాలమూరు వైపు ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చదివేవాళ్లకు ప్రాజెక్టు అనగానే ఫ్లోరైడే గుర్తుకొస్తుంది. అందులో వింతేమీ లేదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు ప్రాంతాల్లో బోరు నీళ్లు తాగి ఎముకలు వంగిపోయినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. 2016లో మొదలైన మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు ఊళ్లకొచ్చినా బోర్లు మూతపడలేదు. నల్లా రాని రోజున, పొలం పనుల్లో ఉన్నప్పుడు చాలామందికి ఇప్పటికీ ఆ నీళ్లే దిక్కు.

పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను దించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించింది. అది మన జిల్లా పేరుతోనే నల్లగొండ టెక్నిక్‌గా ప్రపంచానికి తెలిసింది. దాంతో మడ్డి చాలా వస్తుంది, శుద్ధి చేసిన నీళ్లలో అల్యూమినియం మిగిలిపోయే ప్రమాదమూ ఉంది. అందుకే పరిశోధకుల చూపు మెంబ్రేన్ల మీదికి, అంటే నీళ్లను దాటనిచ్చి కరిగినవాటిని ఆపే పలుచని పొరల మీదికి మళ్లింది. అయితే ఆర్‌ఓ, నానోఫిల్ట్రేషన్, పాలీసల్ఫోన్, అల్యుమినా, గ్రాఫీన్ ఆక్సైడ్ పేర్లన్నీ ఒకేసారి ఎదురయ్యేసరికి ఏది పట్టుకోవాలో తోచదు. చేతిలో ఉన్న పరికరాలు, గడువు, బడ్జెట్‌ను బట్టి ఎవరు దేన్ని ఎంచుకుంటే పని పూర్తవుతుందో చూద్దాం.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, పొర ఫ్లోరైడ్‌ను ఏ కారణంతో ఆపుతోంది? నీళ్లలో ఫ్లోరైడ్ అయాన్ ఒంటరిగా ఉండదు, చుట్టూ నీటి అణువులను గట్టిగా పట్టుకుని ఉంటుంది. అలా చూస్తే దాని వ్యాసార్థం సుమారు 0.35 నానోమీటర్లు, అంటే అడ్డంగా 0.7. క్లోరైడ్‌ది సుమారు 0.33. పైగా ఫ్లోరైడ్ తన చుట్టూ ఉన్న నీటిని క్లోరైడ్ కంటే గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి ఇరుకు రంధ్రంలో దూరడానికి దానికి ఎక్కువ శక్తి కావాలి. నానోఫిల్ట్రేషన్ పొరలు క్లోరైడ్ కంటే ఫ్లోరైడ్‌ను ఎక్కువగా ఆపడానికి ఇదే ముఖ్య కారణం. పరిమాణంతో ఆపే దారి ఒకటైతే, రుణావేశంతో నెట్టేయడం రెండోది, పొరలోని పదార్థానికి అంటుకోవడం మూడోది. ఈ మూడో దాన్ని రిజెక్షన్ (పొర దాటనివ్వకుండా ఆపిన శాతం) అని రాసుకోవడమే ఫ్లోరైడ్ ప్రాజెక్టుల్లో ఎక్కువగా జరిగే తప్పు. ఎలా పట్టుకోవాలో కింద చెప్పాను.

రెండోది, ఎంత శాతం ఆపాలి? తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ 1.0 మి.గ్రా./లీ. దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. మీ బోరులో 4 ఉంటే 1.0కి రావడానికి 75 శాతం ఆపితే చాలు, 6 ఉంటే 83 శాతం కావాలి. ఈ లెక్క వేసుకోకుండా 99 శాతం కోసం పాకులాడితే ఫ్లక్స్‌ను (గంటకు చదరపు మీటరు పొర దాటి వచ్చే నీళ్లను) అనవసరంగా వదులుకుంటారు.

మూడోది కొలత. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్, టిసాబ్ ద్రావణం (నమూనా పీహెచ్‌ను, అయాన్ల బలాన్ని స్థిరంగా ఉంచేది), ప్లాస్టిక్ బీకర్లు లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. నమూనా, టిసాబ్ సమానంగా కలిపి చదవాలి. క్యాలిబ్రేషన్‌లో గాఢత పది రెట్లు మారినప్పుడు 25 డిగ్రీల దగ్గర 54 నుంచి 60 మిల్లీవోల్టుల తేడా రావాలి. అంతకంటే తక్కువొస్తే ఎలక్ట్రోడ్‌ను శుభ్రం చేయాలి, లేదా ప్రమాణ ద్రావణాలు మళ్లీ తయారు చేయాలి. స్పాడ్న్స్ (SPADNS) రంగు పద్ధతి చవకే కానీ, క్షారత ఎక్కువున్న మన బోరు నీళ్లలో, అల్యూమినియం కలిసిన నీళ్లలో అది తప్పుదోవ పట్టిస్తుంది.

నాలుగోది మీ గది. మే నెలలో 40 డిగ్రీలు దాటే ల్యాబులో, కరెంటు పోయే చోట ఏ పని సాగుతుందో ముందే ఆలోచించుకోవాలి.

| ఎంపిక | రంధ్రం / ఖాళీ | ఫ్లోరైడ్‌ను ఆపే తీరు | తయారీ కష్టం | ఎవరికి |
|---|---|---|---|---|
| మార్కెట్ ఆర్‌ఓ షీటు | రంధ్రమని చెప్పుకోదగ్గది లేదు | పరిమాణం, కరిగి వ్యాపించడం | లేదు | పోలిక కోసం అందరికీ |
| మార్కెట్ నానోఫిల్ట్రేషన్ షీటు | సుమారు 0.5–1 నా.మీ. | పరిమాణం + ఆవేశం | లేదు | ఎం.ఎస్సీ., పీహెచ్‌డీ మొదటి ఏడాది |
| సొంతంగా చేసిన పాలీఅమైడ్ పొర | సుమారు 0.5–1 నా.మీ. | పరిమాణం + ఆవేశం | మధ్యస్థం | పీహెచ్‌డీ |
| పాలీసల్ఫోన్ + అధిశోషకం (ఫ్లోరైడ్‌ను అంటించుకునే పదార్థం) | 5–20 నా.మీ. | అంటుకోవడం | తక్కువ | అధిశోషణం మీద పనిచేసేవాళ్లు |
| ఆనోడిక్ అల్యుమినా | 20–200 నా.మీ. | అంటుకోవడం మాత్రమే | ఎక్కువ | ఆధారపు పొరగా, మౌలిక అధ్యయనానికి |
| గ్రాఫీన్ ఆక్సైడ్ | పొడిగా 0.8, తడిస్తే 1 నా.మీ. పైనే | ఆవేశం, కొంత పరిమాణం | ఎక్కువ | అనుభవమున్న గైడ్ ఉంటేనే |

మార్కెట్ నానోఫిల్ట్రేషన్ షీటు: నా మొదటి ఓటు

ఎ4 సైజు షీట్లు దొరుకుతాయి. ఒక్క షీటు నుంచి చిన్న సెల్‌కు సరిపోయే ముక్కలు చాలా వస్తాయి కాబట్టి ప్రతి ప్రయోగాన్నీ మూడు వేర్వేరు ముక్కల మీద చేయవచ్చు. ఫిల్మ్‌టెక్ ఎన్‌ఎఫ్270, ఎన్‌ఎఫ్90 రెండూ ఎక్కువగా వాడకంలో ఉన్నవి. మొదటిది పైపరజీన్ ఆధారిత పాలీఅమైడ్, వదులుగా ఉంటుంది, నీళ్లు ధారాళంగా వస్తాయి. రెండోది పూర్తి ఆరోమాటిక్ పాలీఅమైడ్, బిగువుగా ఉంటుంది, ఉప్పును ఎక్కువగా ఆపుతుంది, ఫ్లక్స్ తక్కువ. ఫ్లోరైడ్ తగ్గాలి, కాల్షియం కొంత మిగలాలి అనుకునేవాళ్లకు మొదటిది మంచి ప్రశ్నలు ఇస్తుంది. 6 మి.గ్రా. పైబడిన నీళ్లతో పనిచేసేవాళ్లు రెండోదాన్ని తీసుకోవాలి.

300 మి.లీ. పట్టే, గ్యాస్ ఒత్తిడితో నడిచే డెడ్‌-ఎండ్ సెల్ (నీళ్లను నేరుగా పొర మీదికి నెట్టే పాత్ర) ఉంటే చాలు. నైట్రోజన్ సిలిండర్‌తో నడుస్తుంది కాబట్టి కరెంటు పోయినా ఒత్తిడి పడిపోదు. కాకపోతే కింది స్టిర్రర్ ఆగిపోతుంది, అప్పుడు పొర పక్కన ఉప్పు పేరుకుని రిజెక్షన్ తగ్గినట్టు కనిపిస్తుంది. అందుకే స్టిర్రర్‌కు యూపీఎస్ పెట్టుకోవాలి. 14.6 చదరపు సెం.మీ. వైశాల్యమున్న పొర, బార్‌కు గంటకు చదరపు మీటరుకు 10 లీటర్లు ఇచ్చేదైతే, 5 బార్ల దగ్గర గంటకు 73 మి.లీ. వస్తుంది. అంటే 150 మి.లీ. పోగవడానికి రెండు గంటలు. రోజుకు ఎన్ని రన్‌లు అవుతాయో దీన్ని బట్టి ముందే లెక్కేసుకోవచ్చు.

క్రమం ఇది. ముక్కను రాత్రంతా డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టాలి, మెరుపున్న వైపు ఫీడ్ (వడగట్టాల్సిన నీళ్ల) దిక్కుకు రావాలి. పని చేయబోయే ఒత్తిడికి కొంచెం పైన, ఫ్లక్స్ మారడం ఆగేదాకా, కనీసం ఒకటి రెండు గంటలు శుద్ధ జలంతో అదమాలి. తర్వాత 2000 మి.గ్రా./లీ. మెగ్నీషియం సల్ఫేట్‌తో పరీక్షించాలి. ఇందులో రిజెక్షన్ 95 శాతం కంటే బాగా తక్కువొస్తే పొర మీద గీత పడిందనో, ఓ-రింగ్ కూర్చోలేదనో అర్థం. ఫ్లోరైడ్ దాకా వెళ్లకుండా అక్కడే ఆగి, ముక్క మార్చాలి.

ఉష్ణోగ్రత రాయకుండా ఫ్లక్స్ రాయొద్దు. నీటి స్నిగ్ధత 25 డిగ్రీల దగ్గర 0.89 మిల్లీపాస్కల్-సెకన్లు, 40 దగ్గర 0.65. పొరలో ఏ మార్పూ లేకుండానే ఎండాకాలం ఫ్లక్స్ మూడో వంతుకు పైగా పెరుగుతుంది. డిసెంబర్‌లో మామూలు పొరను, మే నెలలో మార్పు చేసిన పొరను కొలిచి ఫ్లక్స్ పెరిగిందని రాస్తే, ఆ పెరుగుదల ఎండదే. అన్నిటినీ 25 డిగ్రీలకు సరిదిద్ది రాయాలి.

ఫీడ్ నీళ్ల దగ్గర ఇంకో మలుపుంది. డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం ఫ్లోరైడ్ మాత్రమే కలిపి పరీక్షిస్తే ఫలితం అందంగా వస్తుంది. అసలైన బోరు నీళ్లు పోయగానే పడిపోతుంది. ఎందుకంటే ఉప్పు పెరిగే కొద్దీ పొర మీది రుణావేశం కప్పుకుపోతుంది. సల్ఫేట్‌ను పొర గట్టిగా ఆపుతుంది, అటు సోడియం దాటిపోతుంది, ఆవేశాల సమతూకం కోసం ఫ్లోరైడ్, క్లోరైడ్ దానితో పాటు దాటాల్సి వస్తుంది. మన గ్రానైట్ నేలల్లో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు సాధారణంగా సోడియం, బైకార్బొనేట్ ఎక్కువ, కాల్షియం తక్కువ ఉన్నవి. కాల్షియం తక్కువుండటం వల్లే ఫ్లోరైడ్ గడ్డకట్టకుండా నీళ్లలో ఉండిపోతుంది. కాబట్టి నమూనా నీళ్లను ఇలా మొదలుపెట్టొచ్చు: 221 మి.గ్రా. సోడియం ఫ్లోరైడ్‌ను లీటరులో కరిగిస్తే 100 మి.గ్రా./లీ. ఫ్లోరైడ్ నిల్వ ద్రావణం. అందులోంచి 40 మి.లీ. తీసి, 400 మి.గ్రా. సోడియం బైకార్బొనేట్, 150 మి.గ్రా. సోడియం క్లోరైడ్, 100 మి.గ్రా. మెగ్నీషియం సల్ఫేట్ వేసి, చివర్లో 75 మి.గ్రా. కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్‌ను విడిగా కరిగించి పోసి లీటరుకు నింపాలి. మీ ఊరి బోరు విశ్లేషణ చేతికొచ్చాక ఈ పాళ్లను దానికి తగ్గట్టు మార్చుకోవాలి.

పీహెచ్ ప్రభావం చూడాలనుకుంటే 4 నుంచి 9 వరకు చూడొచ్చు. కిందికి పోయే కొద్దీ రిజెక్షన్ ఎందుకు పడుతుందో రెండు కారణాలు రాయాలి. పొర రుణావేశం కోల్పోతుంది, పైగా పీహెచ్ 3.2 సమీపానికి వచ్చేసరికి ఫ్లోరైడ్‌లో సగం ఆవేశం లేని హైడ్రోజన్ ఫ్లోరైడ్‌గా మారి సులువుగా దాటిపోతుంది.

ఆర్‌ఓ షీటు

ఇంటి ఆర్‌ఓలో వాడే పదార్థమే. ఫ్లోరైడ్‌ను బాగా ఆపుతుంది, దానితో పాటు మిగతా ఖనిజాలనూ తీసేస్తుంది. కొత్తదనం తక్కువ కాబట్టి దీని మీదే ప్రాజెక్టు వద్దు. కానీ మీ పొర పక్కన పోలికకు ఒక ఆర్‌ఓ ముక్క ఉండి తీరాలి. ఒక జాగ్రత్త: ఇది గానీ నానోఫిల్ట్రేషన్ గానీ, పాలీఅమైడ్ ఏదైనా క్లోరిన్‌కు పాడైపోతుంది. బ్లీచింగ్ కలిసిన నల్లా నీళ్లు పోసే ముందు సోడియం బైసల్ఫైట్‌తో క్లోరిన్ పోగొట్టాలి.

సొంతంగా పాలీఅమైడ్ పొర

పీహెచ్‌డీకి నికరమైన దారి ఇది. పాలీసల్ఫోన్ (ఒక ప్లాస్టిక్) ఆధారం మీద 1–2 శాతం పైపరజీన్ నీటి ద్రావణం రెండు నిమిషాలు ఉంచి, మిగులును రబ్బరు రోలర్‌తో తీసేసి, 0.1 శాతం ట్రైమెసోయిల్ క్లోరైడ్ హెక్సేన్ ద్రావణం నిమిషం పాటు పోస్తారు. తర్వాత హెక్సేన్‌తో కడిగి, 60–80 డిగ్రీల ఓవెన్‌లో కొన్ని నిమిషాలు ఆరబెట్టాలి.

వినడానికి తేలికే. చెడేదంతా రోలర్ దగ్గరే. ఉపరితలం మీద చిన్న నీటి చుక్క మిగిలినా అక్కడ పొర పొక్కులా లేచి చిల్లు పడుతుంది. ఎక్కువగా తుడిస్తే అమీన్ చాలక పొరే ఏర్పడదు. పక్క నుంచి వెలుతురు పడేలా షీటును వంచి చూసినప్పుడు చుక్కలు మెరవకూడదు, ఉపరితలం తడిగా కాంతిహీనంగా ఒకే తీరులో కనిపించాలి. అదే సరైన గుర్తు.

ట్రైమెసోయిల్ క్లోరైడ్ 35 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంటే చలికాలం సీసాలో గడ్డ, మన ఎండాకాలంలో ద్రవం. ద్రవమైనంత మాత్రాన పాడైనట్టు కాదు. కానీ హెక్సేన్‌లో వేసినప్పుడు మబ్బుగా కనిపిస్తే తేమ తగిలి విచ్ఛిన్నమైనట్టే, పారేయాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను గది వేడికి వచ్చాకే తెరవాలి, లేదంటే గాలిలోని తేమ లోపల పడుతుంది. హెక్సేన్ మే నెలలో ఇట్టే ఆవిరైపోతుంది, ద్రావణం గాఢత గంటలోనే మారిపోతుంది. ఉదయం పూట, కొద్దికొద్దిగా తయారు చేసుకోవడం మేలు. ఆవిరి మండే గుణమున్నది కాబట్టి ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి, దగ్గర్లో హీటర్ ఉండకూడదు.

పాలీసల్ఫోన్‌లో అధిశోషకం కలపడం

చాలా కాలేజీల్లో ఇదే చేస్తారు, ఎందుకంటే సామాను తక్కువ. పాలీసల్ఫోన్ 15–18 శాతం, ఎన్‌-మిథైల్ పైరోలిడోన్ ద్రావణంలో 60 డిగ్రీల దగ్గర రాత్రంతా కలిపి, బుడగలు పోయేదాకా కదపకుండా ఉంచి, గాజు పలక మీద 150 మైక్రాన్ల మందంగా లాగి, నీళ్ల తొట్టిలో ముంచుతారు. ఈ ద్రావణి గర్భస్థ శిశువుకు హాని చేసేది. చేతి తొడుగులు, హుడ్ లేకుండా ముట్టొద్దు. వానాకాలంలో గాలి తేమకు, నీళ్లలో ముంచకముందే ఫిల్మ్ తెల్లబడుతుంది. అలా తెల్లబడిన చోట రంధ్రాలు పెద్దవవుతాయి, ఆ ఫిల్మ్‌ను లెక్కలోకి తీసుకోవద్దు.

ఇలా వచ్చే రంధ్రాలు 5–20 నానోమీటర్లు. 0.7 నానోమీటర్ల ఫ్లోరైడ్‌ను వీటితో ఆపాలనుకోవడం పల్లికాయలు జల్లించే జల్లెడతో రాగి పిండిని ఆపాలనుకోవడమే. అందుకే లోపల అల్యుమినా, జిర్కోనియం ఆక్సైడ్, హైడ్రాక్సీఅపటైట్ లాంటివి కలుపుతారు. అప్పుడు ఫ్లోరైడ్ తగ్గుతుంది, నిజమే. ఎంతసేపు?

లెక్క చూడండి. 14.6 చ.సెం.మీ. ముక్క, 150 మైక్రాన్ల మందం: ద్రావణం సుమారు 0.23 గ్రాములు. అందులో 2 శాతం అల్యుమినా అంటే 4.6 మి.గ్రా. గ్రాముకు 5 మి.గ్రా. ఫ్లోరైడ్ పట్టుకుంటుందనుకుంటే మొత్తం 0.023 మి.గ్రా. లీటరుకు 4 మి.గ్రా. ఉన్న నీళ్లలో ఇది దాదాపు 6 మి.లీ.లోనే నిండిపోతుంది. మొదటి 5 మి.లీ. పర్మియేట్ (పొర దాటి వచ్చిన నీళ్లు) పట్టి కొలిస్తే అద్భుతమైన రిజెక్షన్ కనిపిస్తుంది, 100 మి.లీ. దాటాక ఏమీ ఉండదు.

దీన్ని తేల్చే పరీక్షకు కొత్త పరికరమేదీ అక్కర్లేదు. సెల్‌లో మిగిలిన నీళ్లను కూడా కొలవండి. 300 మి.లీ. ఫీడ్‌లో 4 మి.గ్రా./లీ. చొప్పున 1.2 మి.గ్రా. ఉంది. 150 మి.లీ. పర్మియేట్ 1 మి.గ్రా./లీ. ఉంటే అందులో 0.15 పోయింది. నిజంగా పొరే ఆపితే మిగిలిన 150 మి.లీ.లో 1.05 మి.గ్రా., అంటే లీటరుకు 7 ఉండాలి. అక్కడ కూడా 4 దగ్గరే ఉంటే 0.45 మి.గ్రా. పొరకో, సెల్ గోడలకో అంటుకుంది. అప్పుడు దాన్ని రిజెక్షన్ అనకుండా అధిశోషణ సామర్థ్యంగా, బ్రేక్‌త్రూ వక్రంతో (ఎన్ని నీళ్లు దాటాక ఫ్లోరైడ్ బయటపడుతుందో చూపే గీతతో), పునరుద్ధరణ చక్రాలతో రాయండి. అది కూడా మంచి పనే, దాని పేరుతో రాసినప్పుడు.

ఆనోడిక్ అల్యుమినా

ఆమ్లంలో కరెంటు పంపి అల్యూమినియం మీద పెంచే ఆక్సైడ్ పొర ఇది. సూక్ష్మదర్శిని కింద దీనంత అందమైన పొర ఇంకోటి ఉండదు, తేనెపట్టులా వరుసగా రంధ్రాలు. 1996లో జపాన్‌కు చెందిన మసూదా, సతో రెండు దశల పద్ధతిని చూపాక అందరికీ దారి దొరికింది. 0.3 మోలార్ ఆక్సాలిక్ ఆమ్లంలో 40 వోల్టులకు రంధ్రాల మధ్య దూరం సుమారు 100 నానోమీటర్లు వస్తుంది. వోల్టుకు దాదాపు 2.5 నానోమీటర్ల లెక్క. ద్రావణాన్ని చల్లగా ఉంచే చిల్లర్ లేకపోతే వేడి పెరిగి అల్యూమినియం కాలిపోయి నల్ల మచ్చలొస్తాయి. గంటల తరబడి సాగే పని కాబట్టి మధ్యలో కరెంటు పోతే రంధ్రాలు కొమ్మలు వేస్తాయి. ముందు చేసే ఎలక్ట్రోపాలిషింగ్‌లో పెర్‌క్లోరిక్ ఆమ్లం, ఇథనాల్ మిశ్రమం పేలే గుణమున్నది. ఆ ఆమ్లానికి తగిన హుడ్ లేని కాలేజీలో దీని జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను. తయారైన డిస్కులు కొనుక్కోవడమే సరి.

ఫ్లోరైడ్ విషయంలో దీనితో ఇంకో చిక్కు. అల్యుమినాయే ఫ్లోరైడ్ అధిశోషకం. దీన్ని ఆధారంగా పెట్టి పైన ఏ పొర వేసినా, ఆగిన ఫ్లోరైడ్‌లో పైపొర వాటా ఎంత, డిస్కు వాటా ఎంత అని విడదీయడం కష్టం. ప్రొటీన్ల వడపోత, రంధ్రాల్లో అయాన్ల కదలిక లాంటి మౌలిక అధ్యయనాలకు మాత్రం ఇదే సరైనది. అక్కడ కూడా పాలీకార్బొనేట్ ట్రాక్-ఎచ్ పొరలు విరగవు, చవక. రంధ్రాల సాంద్రతే తక్కువ.

గ్రాఫీన్ ఆక్సైడ్

ఆక్సిజన్ అంటుకున్న అతి పలుచని కార్బన్ రేకులు పేర్చిన పొర ఇది. పేరుకు ఆకర్షణ ఎక్కువ. కానీ రేకుల మధ్య ఖాళీ నీళ్లలో ఉబ్బి నానోమీటరు దాటుతుంది, ఫ్లోరైడ్ దాటిపోవడానికి అది చాలు. 2017లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు పొరను ఎపాక్సీలో బిగించి ఉబ్బకుండా ఆపి చూపారు. అది చిన్న ల్యాబులో తేలిగ్గా అనుకరించే పని కాదు. అల్యుమినా డిస్కు మీద వడగట్టిన గ్రాఫీన్ ఆక్సైడ్ నీళ్లలో గట్టిగా నిలుస్తుంది, వేరే ఆధారం మీద చేసినది విడిపోతుంది. డిస్కు నుంచి వచ్చే అల్యూమినియం అయాన్లు రేకులను కట్టిపడేయడమే కారణం. ఆ అల్యూమినియం ఫ్లోరైడ్‌తో కూడా కలుస్తుంది కాబట్టి పై చిక్కే మళ్లీ వస్తుంది. గ్రాఫీన్ ఆక్సైడ్ తయారుచేసే హమ్మర్స్ పద్ధతిలో పర్మాంగనేట్ వేసేటప్పుడు ఉష్ణోగ్రత అదుపు తప్పితే పేలుడు ప్రమాదం. తయారీ మీద నెలలు పెట్టే బదులు పేస్టు కొనడమే నయం.

ఎవరు ఏది

నాలుగు నెలల ఎం.ఎస్సీ. ప్రాజెక్టయితే ఒక వదులు, ఒక బిగువు నానోఫిల్ట్రేషన్ షీటు తీసుకుని, మీ మండలంలోని మూడు నాలుగు బోర్ల నీళ్లతో, పీహెచ్, ఒత్తిడి మారుస్తూ, నమూనా నీళ్లతో పోల్చండి. పొరను మీరు చేయకపోయినా, ఫలితం మీ ఊరిదే.

పీహెచ్‌డీ వాళ్లు మొదటి ఆరు నెలలు ఇదే చేసి, కొలతల మీద నమ్మకం కుదిరాక సొంత పాలీఅమైడ్‌కు వెళ్లాలి. హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లే కాబట్టి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు నమూనాలు అక్కడికే పంపుతారు. పొరను గాలికి ఎండనిచ్చి పంపితే రంధ్రాలు కుంగి వేరే పొరలా కనిపిస్తుంది. గ్లిజరాల్ కలిపిన నీళ్లలో నానబెట్టి, తడిగా జిప్ కవర్‌లో పెట్టి పంపి, అక్కడ మీ సమక్షంలో ఆరబెట్టించండి. అడ్డకోత కావాలంటే వెనక పాలిస్టర్ గుడ్డను ఒలిచి, ద్రవ నైట్రోజన్‌లో ముంచి విరవాలి. కత్తిరిస్తే అంచు నలిగిపోతుంది.

ఊరికి పనికొచ్చే యూనిట్ కోసం పనిచేసే వాళ్లు పర్మియేట్‌తో పాటు రిజెక్ట్ (పొర దాటకుండా మిగిలిన) నీళ్ల లెక్క కూడా మొదటి రోజే వేయాలి. 75 శాతం నీళ్లు రాబడితే, పొర పూర్తిగా ఆపిందనుకున్నప్పుడు, మిగిలిన నీళ్లలో ఫ్లోరైడ్ 4 నుంచి 16 మి.గ్రా.కు చేరుతుంది. కాల్షియం కూడా నాలుగింతలైతే కాల్షియం ఫ్లోరైడ్ గడ్డకట్టే గుణకం (కాల్షియం గాఢత × ఫ్లోరైడ్ గాఢత వర్గం) 64 రెట్లు పెరుగుతుంది, పొర మీద పొలుసు కట్టడానికి అదొక కారణం. రాబడి 50 శాతానికి తగ్గిస్తే ఈ గుణకం 8 రెట్ల దగ్గర ఆగుతుంది, పొర ఎక్కువకాలం ఉంటుంది, కానీ సగం నీళ్లు రిజెక్టే. ఆ నీళ్లను మళ్లీ అదే బోరు పక్కన గుంతలో పోస్తే తిరిగి అదే నేలలోకి దిగుతాయి. సున్నంతో ఫ్లోరైడ్‌ను మడ్డిగా దించడమో, ప్లాస్టిక్ షీటు పరిచిన కుంటలో ఎండబెట్టడమో మీ డిజైన్‌లోనే, ఖర్చుతో సహా ఉండాలి.